స్కర్టు, షూస్, హ్యాండ్‌బ్యాగ్ ఒకదానితో ఒకటి ఎలా కుదరాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ముచ్చటపడి కొన్న డిజైనర్ స్కర్టు ఉంటుంది, మంచి షూస్ ఉంటాయి, బ్యాగ్ కూడా బాగానే ఉంటుంది. మూడూ కలిపి వేసుకుని అద్దం ముందు నిలబడితే మాత్రం ఎక్కడో తేడా కొడుతుంది. చాలామంది వెంటనే రంగుని అనుమానిస్తారు. నేను చూసినంతలో తేడా ఎక్కువగా ఉండేది స్కర్టు అంచుకీ షూ పైభాగానికీ మధ్య కనిపించే కాలి దగ్గర. ఆ కాస్త జాగా సరిగ్గా కుదిరితే మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి. కింది జవాబుల్లో ఈ మాట చాలాసార్లు వస్తుంది.

ముందు ఏది ఎంచుకోవాలి? స్కర్టా, షూసా, బ్యాగా?

స్కర్టు. బ్యాగ్ ఎంత గొప్పదైనా కాసేపటికి పక్కన పెట్టేస్తాం. కూర్చుంటే షూస్ బల్ల కిందకి వెళ్ళిపోతాయి. స్కర్టు మాత్రం నడుస్తున్నా, కూర్చున్నా, మెట్లెక్కుతున్నా కనిపిస్తూనే ఉంటుంది. కాలు ఎంత కనిపించాలో, నడుము ఎక్కడున్నట్టు అనిపించాలో నిర్ణయించేది కూడా అదే. అందుకని నా వరస ఇది: ముందు స్కర్టు, తర్వాత షూస్, ఆ తర్వాత పైన వేసుకునేది, చివర్లో బ్యాగ్.

ఒక్క సందర్భంలో ఈ వరస తిరగేస్తాను. బ్యాగ్ బాగా ముదురు ఎరుపో, చిలకపచ్చో అయ్యి, దాన్ని పట్టుకోవాలని ముందే మనసులో పడిపోతే దాని నుంచే మొదలుపెట్టాలి. అప్పుడు స్కర్టూ షూసూ కాస్త తగ్గి ఉండాలి.

స్కర్టు పొడవు ఎక్కడ ఆగితే బాగుంటుంది?

కాలు సన్నగా ఉండే చోట. ఎవరి కాలికైనా అలాంటి చోట్లు మూడుంటాయి: మోకాలికి కాస్త పైన, మోకాలి కిందా పిక్క మొదలయ్యే ముందూ ఉండే జాగా, పిక్క అయిపోయి చీలమండ మొదలయ్యే ముందు. అంచు ఈ మూడింటిలో ఎక్కడ ఆగినా కాలు పొడవుగా కనిపిస్తుంది. పిక్క మధ్యలో, అంటే బాగా వెడల్పుగా ఉండే చోట ఆగితే అక్కడ అడ్డంగా గీత గీసినట్టవుతుంది. కన్ను ఆ గీత దగ్గరే ఆగిపోతుంది. మిడీ స్కర్టు, అంటే పిక్కల దాకా వచ్చేది, తనకి నప్పదని అనుకునేవాళ్ళలో చాలామందికి అసలు ఇబ్బంది రెండు మూడు సెంటీమీటర్లే.

ఇంట్లోనే చూసుకోవచ్చు. స్కర్టు వేసుకుని, నిలువుటద్దం ముందు నిలబడి, అంచుని లోపలికి మడిచి పిన్నులు పెట్టండి. ఒక్కో సెంటీమీటరు పైకి జరుపుతూ, ప్రతిసారీ రెండడుగులు వెనక్కి వేసి చూడండి. ఒక చోట కాలు ఒక్కసారిగా తేలికగా కనిపిస్తుంది. ఆ కొలత రాసి పెట్టుకోండి. నడుము నుంచి అంచు దాకా ఎంతో తెలిస్తే ఇకపై ఏ స్కర్టు కొన్నా టేపు పెట్టి చూసుకోవచ్చు. ఈ పని చేసేటప్పుడు ఆ స్కర్టుతో వేసుకోబోయే షూసే కాళ్ళకి ఉండాలి. హీల్ మారితే కొలత కూడా మారుతుంది.

ఏ పొడవుకి ఏ షూస్?

పొట్టి స్కర్టుకి హీల్ తక్కువున్నవి. చాలామంది దీనికి ఉల్టాగా అనుకుంటారు. కానీ పొట్టి స్కర్టు ఫ్యాషన్‌లోకి వచ్చినప్పుడే ఫ్లాట్ షూస్‌తో వచ్చింది. 1960ల మధ్యలో లండన్‌లో మేరీ క్వాంట్, పారిస్‌లో ఆంద్రే కురేజ్ అనే డిజైనర్లు అంచుని మోకాలి పైకి తీసుకెళ్ళారు. కురేజ్ తన మోడల్స్‌కి తెల్లటి ఫ్లాట్ బూట్లు వేయించాడు. 1965లో డిజైనర్ ఈవ్ సాన్ లోరాన్ చిత్రకారుడు మోండ్రియాన్ బొమ్మల్లా ఉండే డ్రెస్సులు తెచ్చాడు, వాటి కోసం రోజర్ వివియే చేసిన షూస్‌కి చిన్న హీలు, పెద్ద బకిల్ ఉండేవి. కాలు ఎలాగూ చాలా కనిపిస్తోంది కాబట్టి హీల్‌తో ఇంకా పొడిగించాల్సిన అవసరం లేదు. పైగా పొట్టి స్కర్టుకి ఫ్లాట్స్ వేసుకుంటే నడకలో హుషారు వస్తుంది.

మోకాలి దాకా ఉండే స్కర్టు అన్నిటికంటే సులువు. దానికి దాదాపు ఏవైనా కుదురుతాయి.

ఇబ్బంది పెట్టేది మిడీ. కాలు కొంచెమే కనిపిస్తుంది కాబట్టి ఆ కొంచెం శుభ్రంగా ఉండాలి. పాదం పైభాగం కనిపించేలా ముందు లోతుగా కోసిన పంప్స్ (పట్టీలూ లేసులూ లేని షూస్), వెనక పట్టీ మాత్రమే ఉండే స్లింగ్‌బ్యాక్‌లు బాగుంటాయి. ముందు భాగం కొంచెం కోసుగా ఉంటే ఇంకా మంచిది. చీలమండ చుట్టూ తిరిగే పట్టీ మాత్రం ఉన్న కాస్త కాలినీ మళ్ళీ రెండు ముక్కలు చేస్తుంది. అలాంటి షూ మీకు ఇష్టమైతే పట్టీ మీ చర్మం రంగుకి దగ్గరగా ఉన్నది చూసుకోండి.

దీనికి రెండో దారి బూట్లు. మిడీ అంచు కిందకి వెళ్ళిపోయేంత పొడవైన బూట్లు వేసుకుంటే కాలే కనిపించదు, ఇక తెగిపోయే గీత ప్రశ్నే ఉండదు. చలికాలానికి నాకు బాగా నచ్చిన పద్ధతి ఇది. చీలమండ దాకా వచ్చే బూట్లతో మాత్రం జాగ్రత్త. బూటు పైఅంచుకీ స్కర్టు అంచుకీ మధ్య రెండు వేళ్ళంత కాలు కనిపిస్తే బ్యాండేజీ కట్టినట్టుంటుంది. స్కర్టు రంగు లేదా బూటు రంగు మందపాటి స్టాకింగ్స్ వేసి ఆ సందు మూసేయండి.

కాలు పొడవుగా కనిపించాలంటే హీల్స్ తప్పనిసరా?

తప్పనిసరి కాదు. రంగు కూడా హీల్ చేసే పని చేస్తుంది. దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ 1957లో ఫ్రెంచ్ ఫ్యాషన్ సంస్థ షనెల్ తెచ్చిన రెండు రంగుల స్లింగ్‌బ్యాక్. షూ అంతా లేత గోధుమ రంగు, వేళ్ళ దగ్గర మాత్రం నలుపు. లేత రంగు కాలితో కలిసిపోయి కాలు పొడవుగా కనిపిస్తుంది, ముందున్న నలుపు వల్ల పాదం చిన్నగా కనిపిస్తుంది. మురికి ఎక్కువగా పట్టే చోట నలుపు ఉండటం అదనపు లాభం. దాదాపు 70 ఏళ్ళ కిందటి ఆలోచన ఇప్పటికీ పనిచేస్తోందంటే కారణం అది మన కన్ను చూసే పద్ధతిని పట్టుకుంది కాబట్టే.

మన చర్మపు రంగు షూస్ అంటే మన చర్మపు రంగే అయ్యుండాలి. కంపెనీ "న్యూడ్" అని రాసిన రంగు మీ కాలికి ఏ సంబంధం లేనిది కావచ్చు. షూని పాదం పక్కన పెట్టి, పగటి వెలుతురులో చూసి కొనండి. ఛామనఛాయకి కారమెల్ రంగు, ఇంకా ముదురు ఛాయకి చాక్లెట్ రంగు చక్కగా కలిసిపోతాయి.

ఎత్తు కావాలి, సన్న హీల్ వద్దు అంటే వెడ్జ్‌లు ఉన్నాయి. 1930ల చివర్లో ఇటలీలో షూ అడుగున ఊతంగా పెట్టే మంచి ఉక్కు దొరకడం కష్టమైనప్పుడు షూ డిజైనర్ సాల్వతోరే ఫెరగామో కార్క్ చెక్కతో అరికాలు కింద ఖాళీ లేకుండా నింపి చేసినవి అవి. బరువు పాదమంతా పంచుకుంటుంది కాబట్టి గంటల తరబడి నిలబడాల్సిన రోజుకి పనికొస్తాయి. అడుగున బరువుగా కనిపిస్తాయి కాబట్టి ఘేరు ఉన్న స్కర్టుతో బాగుంటాయి. కింది దాకా సన్నగా, బిగుతుగా ఉండే పెన్సిల్ స్కర్టుతో అంతగా నప్పవు.

స్కర్టుకి పైన ఏది వేసుకోవాలి?

ఘేరు ఉన్న స్కర్టుకి పైన ఒంటిని అంటిపెట్టుకున్నది, సన్నని స్కర్టుకి పైన కాస్త వదులుగా ఉన్నది. 1947 ఫిబ్రవరి 12న క్రిస్టియన్ డియోర్ చూపించిన మొదటి కలెక్షన్‌లో ఉన్న కిటుకు ఇదే: నడుము దగ్గర బాగా నొక్కేసిన జాకెట్, దాని కింద ఎన్నో మీటర్ల బట్టతో విచ్చుకున్న స్కర్టు. దాన్నే న్యూ లుక్ అన్నారు. మనకి అంత బట్ట అక్కర్లేదు కానీ ఆ లెక్క ఇప్పటికీ సరిపోతుంది.

ఇంకొక్క విషయం. పైభాగం సగం, కింది భాగం సగం అన్నట్టు ఒంటిని రెండుగా కోయకండి. మూడు వంతుల్లో ఒక వంతు పైన, రెండు వంతులు స్కర్టు ఉంటే మనిషి పొడవుగా కనిపిస్తుంది. షర్టుని పూర్తిగా టక్ చేయడమో, నడుము దగ్గరే ఆగే పొట్టి స్వెటర్ వేయడమో చేస్తే చాలు. తుంటి దాకా వేలాడే టాప్ ఎంత మంచి స్కర్టునైనా మింగేస్తుంది. డబ్బు పెట్టి కొన్న స్కర్టు పైభాగపు కుట్టు ఎవరికీ కనిపించకుండా పోతే నాకు నిజంగా బాధేస్తుంది.

పెన్సిల్, ఎ-లైన్, ప్లీటెడ్, క్రాస్ కట్... ఒక్కోదానికి వేరే నియమాలున్నాయా?

ఉన్నాయి, కానీ గుర్తుపెట్టుకోవాల్సినవి తక్కువే. నడుము నుంచి కిందకి కాస్త కాస్త వెడల్పయ్యే ఎ-లైన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అది అందరినీ క్షమించే స్కర్టు. పెన్సిల్ స్కర్టుకి వెనక చీలిక తప్పకుండా ఉండాలి, లేకపోతే అడుగు పడదు. కొనేముందు షాపులోనే కూర్చుని లేచి చూడండి. తుంటి దగ్గర అడ్డంగా ముడతలు పడుతుంటే సైజు చిన్నదైందని అర్థం. పెద్ద సైజు తీసుకుని నడుము దగ్గర బిగుతు చేయించుకోవడం మేలు.

ప్లీటెడ్ స్కర్టు కొనేటప్పుడు బట్ట ఏమిటో లేబుల్ మీద చదవండి. పాలియెస్టర్‌లో వేడితో పెట్టిన మడతలు ఉతికినా పోవు. 1993లో మొదలైన జపాన్ డిజైనర్ ఇస్సే మియాకే ప్లీట్స్ ప్లీజ్ బట్టలు దీని మీదే నిలబడ్డాయి. అక్కడ బట్టని ముందు మామూలు కంటే చాలా పెద్దగా కోసి కుట్టేసి, ఆ తర్వాత మడతలు పెడతారు. అందుకే చుట్టి పెట్టెలో పడేసినా నలగవు. ఉన్నిలో, పట్టులో పెట్టిన మడతలకి అంత ఓర్పు ఉండదు, మళ్ళీ మళ్ళీ ఇస్త్రీ అడుగుతాయి. ఏ ప్లీటెడ్ స్కర్టైనా నడుము నుంచి తుంటి దాకా మడతలు కుట్టేసి ఉంటే పొట్ట దగ్గర లావుగా కనిపించదు.

క్రాస్ కట్ స్కర్టు నాకు ప్రాణం. బట్టని దారాల దిశలో కాకుండా 45 డిగ్రీల ఏటవాలుగా కోస్తారు. 1920లలో ఫ్రెంచ్ డిజైనర్ మదలేన్ వియొన్నే ఈ కోతని ఎంత దూరం తీసుకెళ్ళిందంటే, జిప్పులూ హుక్కులూ లేకుండానే ఒంటి మీద నీళ్ళలా జారే డ్రెస్సులు కుట్టగలిగింది. సాటిన్ స్లిప్ స్కర్టులు ఈ కోతవే. ఇవి లోపల ఉన్నవన్నీ బయటికి చూపిస్తాయి కాబట్టి అతుకులు లేని లోదుస్తులు వాడాలి. పైన మందపాటి స్వెటర్, కింద ఫ్లాట్ లోఫర్స్ వేస్తే పగటి పూటకి సరిపోతుంది. అదే స్కర్టు, స్లింగ్‌బ్యాక్‌లు, సన్నటి పట్టు బ్లౌజుతో సాయంత్రానికి వెళ్ళిపోవచ్చు.

షూస్, బ్యాగ్ ఒకే రంగులో ఉండాలా?

ఉండక్కర్లేదు. ఒకే రంగు, ఒకే తోలు పెడితే సెట్టుగా కొన్నట్టు కనిపిస్తుంది, కాస్త పాతకాలపు పద్ధతి. రంగు వేరైనా బరువు ఒకటిగా ఉండాలి. లేత రంగు సన్నని చెప్పులకి మందపాటి నల్ల బ్యాగ్ పట్టుకుంటే ఒకటి ఎండాకాలంలో, ఇంకొకటి చలికాలంలో ఉన్నట్టుంటుంది. నల్ల షూస్‌కి మెరూన్ బ్యాగ్, టాన్ షూస్‌కి ముదురాకుపచ్చ బ్యాగ్ పెట్టి చూడండి.

ప్రింట్ ఉన్న స్కర్టైతే పని ఇంకా సులువు. ఆ ప్రింట్‌లో అన్నిటికంటే తక్కువగా ఉన్న రంగు వెతికి, బ్యాగుకి ఆ రంగు తీసుకోండి. ఎక్కువగా ఉన్న రంగు షూస్‌కి ఇవ్వండి.

బ్యాగ్ ఎంత పెద్దది పట్టుకోవాలి?

సైజు కంటే ముందు అది ఒంటి మీద ఎక్కడ ఆగుతుందో చూడండి. కన్ను బ్యాగ్ అడుగున ఆగుతుంది. పొడవు పట్టీతో తుంటి మీద వేలాడే బ్యాగ్ తుంటిని వెడల్పు చేస్తుంది. ఘేరు ఉన్న స్కర్టు మీద అయితే అది బట్టని నొక్కేసి స్కర్టు ఆకారాన్నే పాడు చేస్తుంది. అలాంటి స్కర్టుకి చేతిలో పట్టుకునేది గానీ, చంక కింద ఇమిడేది గానీ తీసుకోండి. 1997లో ఇటలీ సంస్థ ఫెండి తెచ్చిన బగెట్ అనే బ్యాగ్ పొట్టి పట్టీతో చంక కిందే ఉంటుంది, నడుముని అసలు తాకదు. సన్నని స్కర్టుకి పెద్ద బ్యాగ్ అయినా పరవాలేదు.

పట్టీ మార్చుకోగలిగితే ఇంకా మంచిది. 1955 ఫిబ్రవరిలో వచ్చిందని 2.55 అని పేరు పెట్టిన షనెల్ బ్యాగ్‌కి భుజాన వేసుకునే గొలుసు పెట్టింది చేతులు ఖాళీగా ఉండాలనే. ఆ గొలుసుని రెండు మడతలు చేస్తే బ్యాగ్ నడుము దాకా పైకొస్తుంది. గొలుసు ఉన్న చాలా బ్యాగులకి ఇది కుదురుతుంది.

అలాగే, ఎంత మోస్తారో నిజాయితీగా లెక్కేసుకోండి. కిక్కిరిసిన చిన్న బ్యాగ్ ఏ స్కర్టు పక్కనా అందంగా ఉండదు.

బ్యాగ్ మీద బంగారు రంగు లోహం, షూస్ మీద వెండి రంగు. కలపవచ్చా?

కలపవచ్చు. చిన్న బకిళ్ళయితే ఎవరూ గమనించరు. పెద్ద గొలుసూ పెద్ద బకిలూ ఒకే చోట ఉంటే మాత్రం ఒకే రంగు మేలు. రెండు రంగులూ ఉన్న వాచీ గానీ, ఉంగరం గానీ ఒకటి పెట్టుకుంటే కావాలనే కలిపినట్టు కనిపిస్తుంది.

లోగోలు ఎన్ని ఉండొచ్చు?

నా మట్టుకు ఒకటి. బ్యాగ్ మీద అక్షరాలు పెద్దగా ఉంటే షూస్, స్కర్టు సాదాగా ఉండనివ్వండి. లోగో లేకుండానే గుర్తుపట్టగలిగే వస్తువులు ఎక్కువ కాలం మనతో ఉంటాయి. షూ డిజైనర్ లూబుటాన్ షూస్‌కి ఉండే ఎర్రటి సోల్‌నే చూడండి, మనిషి నడిచి వెళ్తున్నప్పుడే కనిపిస్తుంది.

ఒక్కటే డిజైనర్ వస్తువు కొనగలను. ఏది కొనాలి?

అందరూ బ్యాగ్ అంటారు. సైజు సమస్య లేదు, ఏళ్ళ తరబడి ఉంటుంది, వద్దనుకుంటే అమ్ముకోవచ్చు, అది నిజమే. కానీ మీరు వారానికి నాలుగు రోజులు స్కర్టులు వేసుకునే మనిషైతే నేను స్కర్టే కొనమంటాను. మంచి స్కర్టులో ఉన్న కోత మామూలు స్కర్టులో దొరకదు. దాన్ని మీ ఒంటికి సరిచేయించుకుంటే వేసుకున్న ప్రతిసారీ మీ నడకే మారుతుంది. మామూలు తోలు బ్యాగ్ పక్కన ఉన్నా ఆ స్కర్టుకి లోటేమీ రాదు.

కొనేముందు లోపలివైపు తిప్పి చూడండి. లైనింగ్ స్కర్టుకి అతుక్కోకుండా విడిగా వేలాడుతుందా? అంచు మడత కనీసం మూడు నాలుగు సెంటీమీటర్లు ఉందా? గళ్ళ బట్టైతే పక్క కుట్టు దగ్గర గళ్ళు కలిశాయా? జిప్ ఆగకుండా జారుతుందా? ఇవన్నీ ఉంటే పేరు చిన్నదైనా అది మంచి స్కర్టే.

కొత్త స్కర్టు వెనక చీలిక దగ్గర ఇంటూ గుర్తులా కుట్టు ఉంది. అది డిజైనా?

కాదు. షాపుకి చేరేలోపు బట్ట నలగకుండా వేసిన తాత్కాలిక కుట్టు. వేసుకునే ముందు చిన్న కత్తెరతో తీసేయాలి. కోటు చీలికకీ ఇలాగే ఉంటుంది. జేబులు కుట్టేసి ఉంటే మాత్రం మీ ఇష్టం. నేను స్కర్టు జేబులు విప్పను, తుంటి దగ్గర బట్ట చదునుగా ఉంటుంది.

టైలర్ దగ్గర ఏవి మార్పించుకోవచ్చు, ఏవి వద్దు?

అంచు, నడుము ధైర్యంగా మార్పించుకోండి. తుంటి దగ్గర లోపల బట్ట వదిలి ఉంటేనే వదులు చేయగలరు. ప్లీటెడ్ స్కర్టుని కింద నుంచి కాకుండా నడుము దగ్గర నుంచి పొట్టి చేయించాలి. అంచు విప్పితే మడతలు అక్కడ చెదిరిపోతాయి. క్రాస్ కట్ స్కర్టైతే అంచు వేసే ముందు కనీసం ఒక రోజు వేలాడదీసి ఉంచమని చెప్పండి. ఏటవాలు బట్ట దాని బరువుకి అదే సాగుతుంది, అది కూడా అన్ని చోట్లా సమానంగా సాగదు. సాగిన తర్వాత కొలిచి కత్తిరిస్తేనే అంచు నేలకి సమంగా ఉంటుంది.

లేత రంగు బ్యాగ్ మీద నీలం మరక పడింది. ఎందుకు?

జీన్స్ స్కర్టు వల్ల. ఇండిగో రంగు దారం పైన మాత్రమే పట్టి ఉంటుంది, రాపిడికి ఊడి పక్కనున్న దానికి అంటుకుంటుంది. నా మీగడ రంగు బ్యాగ్ ఒకటి ఇలాగే పోయింది. రోజంతా కొత్త డెనిమ్ స్కర్టుకి రాసుకుంటూ తిరిగింది, సాయంత్రానికి వెనకవైపంతా నీలం. శుభ్రం చేయించినా పూర్తిగా పోలేదు, ఇప్పటికీ చూస్తే మనసు చివుక్కుమంటుంది. ముదురు డెనిమ్, కొత్త నల్ల బట్టలు వేసుకున్న రోజు లేత తోలు బయటికి తీయకండి. అద్దంలా మెరిసే పేటెంట్ తోలుతో ఇంకా జాగ్రత్త, అల్మారాలో వేరే రంగు వస్తువుకి ఆనుకుని ఉన్నా రంగు పీల్చుకుంటుంది.

బ్యాగులూ షూసూ ఎలా దాచుకోవాలి?

బ్యాగుని హ్యాండిల్ పట్టుకుని కొక్కేనికి వేలాడదీయవద్దు, హ్యాండిల్ సాగిపోతుంది. లోపల తెల్ల కాగితం నింపి, బట్ట సంచీలో పెట్టి నిలబెట్టండి. న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుకుంటుంది. ప్లాస్టిక్ కవరు అసలు వద్దు, తోలుకి గాలి ఆడకపోతే బూజు పడుతుంది. గొలుసుని బ్యాగ్ లోపల కాగితంలో చుట్టి పెడితే తోలు మీద దాని అచ్చు పడదు.

షూస్ ఒక రోజు వేసుకుంటే మర్నాడు వాటికి సెలవివ్వండి. చెమట తడి ఆరాలి. తోలు సోల్ ఉన్న కొత్త షూస్‌కి ముందే చెప్పులు బాగుచేసే మనిషి చేత పలచని రబ్బరు వేయిస్తే జారవు, అరగవు. పాలీయూరిథేన్ సోల్ ఉన్నవి దాచిపెట్టి ఉంచితే కూడా పాడవుతాయి. గాలిలోని తేమకి ఆ పదార్థం లోలోపలే విరిగిపోయి, కొన్నేళ్ళ తర్వాత ఒక రోజు బయటికి తీస్తే పొడిపొడిగా రాలిపోతుంది. అలాంటివి దాచకుండా వేసుకోవడమే వాటిని కాపాడుకునే పద్ధతి.

షూస్ కొనడానికి ఏ సమయం మంచిది?

సాయంత్రం. పగలంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది, అప్పుడు సరిపోయినవే రోజంతా సరిపోతాయి. రెండు పాదాలూ కొలిపించుకుని పెద్దదాని సైజు తీసుకోండి. వెళ్ళేటప్పుడు ఆ స్కర్టు కూడా వేసుకుని వెళ్ళండి. షాపుల్లో చిన్న అద్దాలు పాదాన్ని మాత్రమే చూపిస్తాయి, అంచుకీ షూకీ మధ్య జాగా వాటిలో కనిపించదు. నిలువుటద్దం ఎక్కడుందో అడిగి, అక్కడిదాకా నడిచి వెళ్ళి చూసుకోండి.